భయపడే ఊళ్లలోకి నడిచి వచ్చినవాడు



గత చలికాలంలో మా సంఘ కమిటీ ముందుకు ఒక చిన్న విన్నపం వచ్చింది. ఊరి చివర ఇటుక బట్టీల్లో పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల పిల్లలకు మన భాష రాదు, పగలంతా మట్టిలోనే ఉంటారు. సాయంత్రం రెండు గంటలు సండే స్కూల్ గది ఇస్తే వాళ్లకు అక్షరాలు నేర్పుతామని మన యవ్వనస్తులు నలుగురు అడిగారు. గది ఖాళీగానే ఉంటుంది. కరెంటు ఖర్చు తప్ప మరో ఖర్చు లేదు.

గంటన్నర మాట్లాడుకున్నాం. మైకు సెట్టు పోతుందేమోనని ఒకరన్నారు. పిల్లలకు ఏమైనా అయితే బాధ్యత ఎవరిదని మరొకరు అడిగారు. మతం మారుస్తున్నారని ఎవరైనా ఫిర్యాదు చేస్తే సంఘం పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి కదా అని ఇంకొకరు భయపడ్డారు. ఏ మాటా పూర్తిగా అబద్ధం కాదు. చివరికి అందరూ మా వైపు చూశారు. వచ్చే మీటింగ్‌లో చూద్దామని మేము అన్నాం. ఆ మీటింగ్ రెండుసార్లు వాయిదా పడింది. ఈలోగా బట్టీల పని ముగిసి ఆ కుటుంబాలు మూటలు కట్టుకుని వెళ్లిపోయాయి. ఎవరితోనూ గొడవ పడకుండా, ఎవరినీ కాదనకుండా, మా భయం తన పని తాను చేసుకుపోయింది.

ఆ తర్వాత కొద్ది రోజులకు ఒక పెళ్లి ప్రార్థనకు చౌటుప్పల్ వైపు వెళ్లి, తిరిగి వస్తూ భూదాన్ పోచంపల్లిలో ఆగాం. ఒకప్పుడు అది మన నల్గొండ జిల్లాలో ఊరు. 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. పట్టుచీరలకు, చిటికి నేతకు పేరుపొందిన ఊరు. మగ్గాల చప్పుడు వింటూ వినోబా మందిరం ముందు కాసేపు నిలబడ్డాం. అక్కడ నిలబడ్డప్పుడు మా కమిటీ మీటింగే గుర్తుకు వచ్చింది. 1951లో ఈ ఊళ్లో ఉన్న భయంతో పోలిస్తే మా భయం ఏపాటిది? ఆ భయం మధ్యకు నడిచి వచ్చిన ఆచార్య వినోబా భావే జీవితాన్ని ఈ వారం మీ ముందు పెట్టాలని అప్పుడే అనుకున్నాం. ఆయన క్రైస్తవుడు కాదు. గీతను గుండెలో పెట్టుకుని బ్రతికిన హిందువు. అయినా మన గడ్డ మీద జరిగిన ఈ సంగతి మన సంఘాలు తెలుసుకోదగినదని మా నమ్మకం.

వినోబా అసలు పేరు వినాయక్ నరహరి భావే. 1895 సెప్టెంబర్ 11న మహారాష్ట్ర కొంకణ ప్రాంతంలోని గాగోదె అనే చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రి బరోడాలో ఉద్యోగం చేసేవాడు. తల్లి రుక్మిణీబాయి పెద్దగా చదువుకోలేదు, కానీ వినోబా జీవితమంతా ఆమెనే తన మొదటి గురువుగా చెప్పుకున్నాడు.

చిన్నప్పుడు వినోబాకు దయ్యాలంటే భయం ఉండేదట. ఒక రాత్రి గోడ మీద పెద్ద ఆకారం కదలడం చూసి తల్లి దగ్గరికి పరుగెత్తాడు. ఆమె నవ్వలేదు, కసరలేదు. అది నీ నీడే, నువ్వు నిలబడితే నిలబడుతుంది, కూర్చుంటే కూర్చుంటుంది, నీకు బానిసలాంటిది, దానికి నువ్వు భయపడడమేమిటని నచ్చజెప్పింది. పిల్లవాడు లేచి నిలబడి, కూర్చుని, చేతులు ఊపి చూశాడు. నీడ చెప్పినట్టే చేసింది. ఆ రాత్రితో నీడ భయం పోయింది. తల్లి అక్కడ లేకుండా అదే సంగతి పుస్తకంలో చదివి ఉంటే పోయేదా? పోయేది కాదని మేము అనుకుంటాం. పిల్లవాడికి ధైర్యం ఇచ్చింది తెలివైన మాట ఒక్కటే కాదు, ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో అది కూడా.

ఆ ఇంటికి ఒక పనస చెట్టు ఉండేది. కాయ పండి కోసినప్పుడు తొనలు ముందు పిల్లలకు పెట్టే అలవాటు ఆ తల్లికి లేదు. ముందు ఇరుగుపొరుగుకు పంచి రమ్మని పిల్లల చేతికే ఇచ్చేది. ఇంటింటికీ తిరిగి పంచి వచ్చాకే వాళ్ల వంతు. తన తర్వాతి జీవితానికి విత్తనం అక్కడే పడిందని వినోబా పెద్దయ్యాక గుర్తు చేసుకున్నాడు. భూమిని పంచమని దేశమంతా తిరిగిన మనిషి మొదట పంచింది పనస తొనలే.

1916లో ఇంటర్మీడియట్ పరీక్ష రాయడానికి బొంబాయి రైలెక్కిన వినోబా దారిలో సూరత్‌లో దిగి కాశీకి వెళ్లిపోయాడు. అప్పటికే సర్టిఫికెట్లు పొయ్యిలో వేసి కాల్చేశాడు. దేవుణ్ణి వెతకాలని ఒక కోరిక, దేశానికి పనికి రావాలని మరో కోరిక. హిమాలయాలకు పోవాలా, బెంగాల్ విప్లవకారుల్లో చేరాలా అని తేల్చుకోలేకపోతున్న రోజుల్లో గాంధీ ప్రసంగం గురించి విని ఆయనకు ఉత్తరం రాశాడు. రమ్మని జవాబు వచ్చింది. 1916 జూన్ 7న అహ్మదాబాద్ దగ్గర కొచ్రబ్ ఆశ్రమంలో మొదటిసారి కలుసుకునేసరికి గాంధీ కూరగాయలు తరుగుతున్నాడు. వచ్చిన కుర్రవాడి చేతిలోనూ ఒక కత్తి పెట్టాడు. అంతవరకూ కూరలు తరగని ఆ బ్రాహ్మణ యువకుడు తన మొదటి పాఠం అలా నేర్చుకున్నాడు.

తర్వాతి ముప్పై అయిదేళ్లు ఆయన పెద్దగా వెలుగులోకి రాలేదు. వార్ధాలో, ఆ తర్వాత పౌనార్‌లో రాట్నం తిప్పుతూ, పాకీ పని చేస్తూ, పాఠాలు చెబుతూ గడిపాడు. 1940లో వ్యక్తి సత్యాగ్రహానికి మొదటి సత్యాగ్రహిగా గాంధీ ఆయన పేరు ప్రకటించినప్పుడు ఈ వినోబా ఎవరని చాలామంది అడిగారు. పలుమార్లు జైలుకు వెళ్లాడు. వెల్లూరు జైల్లో ఉన్న కాలంలో తెలుగుతో సహా నాలుగు దక్షిణాది భాషలు పట్టుదలగా నేర్చుకున్నాడు. ఇతర మతాల గ్రంథాలను అంతే శ్రద్ధగా చదివేవాడు. కురాను చదవడానికి అరబ్బీ నేర్చుకున్నాడు. మన కొత్త నిబంధనను కూడా లోతుగా చదివి, తర్వాతి కాలంలో క్రైస్తవ బోధల సారాన్ని ఒక సంకలనంగా తెచ్చాడు. పక్కవాడి గ్రంథాన్ని చదవడానికి ఆయన భయపడలేదు. మనలో ఎంతమందిమి అలా చేయగలం?

1948లో గాంధీ పోయారు. దేశ విభజన మంటలు ఇంకా చల్లారలేదు. ప్రేమతో లోకం మారుతుందన్న మాట ఇక చెల్లదని చాలామంది అనుకున్న రోజులవి.

ఆ రోజుల్లో మన జిల్లా ఎలా ఉందో పెద్దలు చెప్పగా మనలో కొందరు విని ఉంటారు. నిజాం పాలనలో దొరల గడీలు, వెట్టిచాకిరీ, పటేల్ పట్వారీల కాగితాలు. వేల ఎకరాలు కొద్దిమంది చేతుల్లో ఉండేవి. దున్నేవాడికి గుంట కూడా సొంతం కాదు. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయాక కడుపు మండిన జనం తిరగబడ్డారు. నల్గొండ, వరంగల్ జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు కమ్యూనిస్టుల వెనుక నడిచాయి. రజాకార్లు ఊళ్లు తగలబెట్టారు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగి హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. అయినా పోరాటం ఆగలేదు. రజాకార్లు పోయిన చోటికి మిలటరీ వచ్చింది. పగలు పోలీసులు, రాత్రి దళాలు. అన్నం పెట్టారని ఒకరు కొట్టేవారు, పెట్టలేదని ఇంకొకరు. దొర ఊరు వదిలి పట్నంలో తలదాచుకున్నాడు, కూలివాడు అడవిలో. ఒకరికి ఉన్నది పోతుందన్న భయం, మరొకరికి ఎప్పటికీ ఏదీ రాదన్న భయం.

మన సంఘాల్లో చాలామంది తాతముత్తాతలు ఈ ఊళ్లలోని మాలవాడల నుంచి, మాదిగవాడల నుంచి వచ్చినవారే. అందరికంటే ఎక్కువ భయపడింది వారే. వారి భయాన్ని రాసిపెట్టినవాళ్లు మాత్రం తక్కువ.

1951 ఏప్రిల్‌లో హైదరాబాద్ దగ్గర శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. దానికి వినోబా పౌనార్ నుంచి నెల రోజులపాటు సుమారు 300 మైళ్లు నడిచి వచ్చాడు. సమ్మేళనం ముగిశాక అందరూ తిరిగి వెళ్లే దారి చూసుకుంటుంటే ఆయన తెలంగాణ పల్లెల్లోకి నడుస్తానన్నాడు. ఏప్రిల్ 15న, శ్రీరామనవమి రోజున, ముందుగా జైల్లో ఉన్న కమ్యూనిస్టు ఖైదీలను కలిశాడు. వాళ్ల బాధ ఏమిటో వాళ్ల నోటనే వినాలనుకున్నాడు. ఆ తర్వాత బయలుదేరాడు. వెంట సాయుధ పోలీసులు లేరు. వద్దన్నాడు. 55 ఏళ్ల మనిషి, బక్కపలచని ఒళ్లు, కడుపులో అల్సర్, పాలు పెరుగు తప్ప దాదాపు ఏమీ తినలేడు. ఆయనకున్న రక్షణ ఆయన వెంట నడిచే కొద్దిమంది మాత్రమే.

ఏప్రిల్ 18న పోచంపల్లి చేరాడు. ఊరిలో ఎక్కువ మందికి భూమి లేదు. ఆయన ముందుగా హరిజనవాడకు వెళ్లాడు. గుడిసెలు చూశాడు, ఏం కావాలని అడిగాడు. సుమారు నలభై కుటుంబాలవారు తమలో తాము మాట్లాడుకుని, పని చేసుకుని బ్రతకడానికి భూమి కావాలన్నారు. ఎంత కావాలంటే ఎనభై ఎకరాలన్నారు. సగం తరి, సగం ఖుష్కి. ఇంటికి రెండెకరాలు. తరతరాలుగా ఏమీ లేనివాళ్లు అంత లెక్కగా, అంత మితంగా అడగడం మమ్మల్ని ఇప్పటికీ కదిలిస్తుంది.

వినోబా దగ్గర భూమి లేదు. మనలో ఎవరైనా చేసే పనే మొదట ఆయనా చేశాడు. ఒక అర్జీ రాసివ్వండి, ప్రభుత్వానికి పంపుతానన్నాడు. అది తప్పు కాదు. కానీ అర్జీ ఎక్కడికి పోతుందో ఆ వాడవాళ్లకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఒక్క క్షణం ఆగి, అక్కడ చేరిన ఊరివాళ్ల వైపు తిరిగాడు. ప్రభుత్వం నుంచి భూమి రాకపోతే, వచ్చినా ఆలస్యమైతే, ఈ ఊరివాళ్లు చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగాడు. తుపాకీ చూపించి అడిగిన మాట కాదు, చట్టం చూపించి అడిగిన మాట కాదు. ఒక పొరుగువాడి గురించి మరో పొరుగువాణ్ణి అడిగాడు.

ఆ గుంపులోంచి వెదిరె రామచంద్రారెడ్డి అనే భూస్వామి లేచాడు. నూరు ఎకరాలు ఇస్తానన్నాడు. అందులో తరి ఉంది, ఖుష్కి ఉంది. చనిపోయిన తన తండ్రికి కొంత భూమి పేదలకు ఇవ్వాలన్న కోరిక ఉండేదని, దాన్ని తీర్చే అవకాశం వచ్చిందని చెప్పాడట. సాయంత్రం ప్రార్థన సభలో అందరి ముందూ ఆ మాట మళ్లీ చెప్పాడు. అడిగింది ఎనభై, ఇచ్చింది నూరు. లూకా సువార్తలోని జక్కయ్య కథ మనకు బాగా తెలుసు. చెట్టు దిగిన జక్కయ్య ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నది ఎవరో లెక్క అడిగినందుకు కాదు. తన ఇంటికి ఒకరు ప్రేమగా వచ్చినందుకు. పోచంపల్లి కథ చదివినప్పుడల్లా మాకు ఆ మేడిచెట్టు గుర్తుకు వస్తుంది.

ఇక్కడ మేము మీకు చెప్పాలనుకున్న అసలు సంగతి ఆ పగటిది కాదు. ఆ రాత్రిది. ఆ రాత్రి వినోబాకు నిద్ర పట్టలేదు. సంతోషం వల్ల మాత్రమే కాదు, భయం వల్ల కూడా. ఒక ఊళ్లో ఒక మనిషి ఇచ్చాడు. రేపు ఇంకో ఊళ్లో అడిగితే ఇస్తారా? ఆయన లెక్కలంటే ఇష్టపడే మనిషి. దేశంలో భూమి లేనివాళ్లందరికీ కావాలంటే అయిదు కోట్ల ఎకరాలు రావాలని లెక్క వేసుకున్నాడు. అంత భూమి అడిగితే వస్తుందా? ఇంతవరకూ చరిత్రలో ఎక్కడైనా అలా వచ్చిందా? జనం నవ్వరా? తాను తెలివి తప్పినవాడినని అనుకోరా?

ఆ భయంతో ఆయన ఆ రాత్రంతా దేవుని ముందు పెనుగులాడాడు. తర్వాత ఆయన చెప్పుకున్నదాని సారాంశం ఇది. ఈ అడగడానికి భయపడితే, మనుషుల్లో మంచి ఉందన్న నమ్మకాన్నే వదులుకోవాలి. అహింస గురించి మాట్లాడే హక్కు ఇక ఉండదు. నమ్మకం ఉంటే అడగాలి, అడుగుతూనే ఉండాలి. తెల్లవారాక లేచి తర్వాతి ఊరికి నడిచాడు. అక్కడ అడిగాడు. ఇచ్చారు.

చూడండి, భయం లేనివాడు కాబట్టి ఆయన అడగలేదు. ఒక రాత్రంతా భయపడి, తెల్లవారి అడిగాడు. ఆ వాడలోని నలభై కుటుంబాల ముఖాలు చూశాక, ప్రేమించాక, భయానికి లొంగితే ఎవరిని వదిలిపెట్టినట్టవుతుందో ఆయనకు తెలిసింది. భయాన్నీ ప్రేమనూ ఒకచోట పెట్టి అపొస్తలుడైన యోహాను తన మొదటి పత్రికలో రాసిన మాట మీకు గుర్తుండే ఉంటుంది. దాన్ని మనం గోడ క్యాలెండర్ల మీద అచ్చు వేసుకుంటాం. అది ఒక మనిషి నిద్రలేని రాత్రిలో ఎలా పని చేస్తుందో పోచంపల్లిలో కనిపిస్తుంది.

తెలంగాణలో ఆయన 51 రోజులు నడిచాడు. 200 ఊళ్లు, సుమారు 12 వేల ఎకరాలు. తనను ఇంట్లో మరో కొడుకుగా లెక్కపెట్టుకోమనేవాడు. అయిదుగురు కొడుకులుంటే ఆరోవాడిగా తన వాటా ఇమ్మనేవాడు. ఆ వాటా భూమి లేనివాడిది. ఆ నడక అక్కడితో ఆగలేదు. దాదాపు పదమూడేళ్లు దేశమంతా కాలినడకన తిరిగాడు. 40 లక్షలకు పైగా ఎకరాలు దానంగా వచ్చాయి. 1952లో ఉత్తరప్రదేశ్‌లోని మంగ్రోత్ మొట్టమొదటి గ్రామదాన్ ఊరు అయింది. 1958లో రామన్ మెగసెసే అవార్డు మొదటిసారి ఇచ్చినప్పుడు అందుకున్నవారిలో ఆయన ఒకరు.

ఆ నడకలో దెబ్బలూ తిన్నాడు. 1953లో బీహార్‌లోని దేవఘర్‌లో దళితులను వెంటబెట్టుకుని గుడికి వెళ్లినప్పుడు అక్కడి పండాలు ఆయన మీదా, వెంట ఉన్నవాళ్ల మీదా పడి కొట్టారు. ఆయన చెవికి దెబ్బ తగిలింది. కొట్టినవాళ్లను శిక్షించవద్దని కోరాడు. పూరీ జగన్నాథాలయానికి వెళ్లినప్పుడు వెంట ఒక ఫ్రెంచి స్త్రీ ఉంది. ఆమెను రానివ్వమంటే తానూ లోపలికి పోకుండా వెనుదిరిగాడు. కేరళలోని గురువాయూరులో క్రైస్తవ సహచరులను అనుమతించకపోతే అక్కడా అంతే చేశాడు. ఆ దేవుళ్ల మీద భక్తి లేక కాదు. వెంట నడిచినవాళ్లను గుమ్మం బయట నిలబెట్టి తానొక్కడే లోపలికి వెళ్లడం ఆయన వల్ల కాలేదు. తర్వాత పంఢరీపురంలో మాత్రం అన్ని మతాల సహచరులతో కలిసి లోపలికి వెళ్లి, కన్నీళ్లు పెట్టుకున్నాడు. మన మందిరాల గుమ్మాల దగ్గర ఎవరెవరిని నిలబెడుతున్నామో ఒకసారి మనల్ని మనం అడగాలి.

1960 మే నెలలో చంబల్ లోయకు వెళ్లాడు. పోలీసులకే కంటి మీద కునుకు లేకుండా చేసిన బందిపోట్లు ఇరవై మంది దాకా వచ్చి ఆయన ముందు తుపాకులు పెట్టేశారు. వాళ్లను దొంగలని పిలవకుండా సోదరుల్లా పలకరించాడు. శిక్ష తప్పిస్తానని మాట ఇవ్వలేదు. కోర్టుకు వెళ్లి, చేసిన నేరాలు ఒప్పుకోండని మాత్రమే అడిగాడు. ఆయన జ్ఞాపకాల ఇంగ్లిష్ పుస్తకానికి మూవ్డ్ బై లవ్ అని పేరు పెట్టారు. ప్రేమ కదిలించినవాడని అర్థం. పేరు తగినదే.

అయితే ఇది గెలుపుల కథ మాత్రమే అని చెబితే అది అబద్ధమవుతుంది, మన పత్రికలో అబద్ధానికి చోటు లేదు. అయిదు కోట్ల ఎకరాలు రాలేదు. వచ్చిన దానిలో చాలా భాగం పంచనే లేదు. కొందరు రాళ్ల గుట్టలు, చవుడు నేలలు, కోర్టు కేసుల్లో ఉన్న భూములు రాసిచ్చారు. కొందరు ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకున్నారు. మన రాష్ట్రంలో 1965లో భూదాన్ చట్టం వచ్చింది, బోర్డులు వచ్చాయి. అయినా హైదరాబాద్ చుట్టూ భూముల ధరలు పెరిగాక భూదాన్ భూముల మీద తగాదాలు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి. 1975 ఎమర్జెన్సీ కాలంలో వినోబా తీరును విమర్శించినవారిలో ఆయనతో కలిసి నడిచినవారు కూడా ఉన్నారు. ఆయన తప్పులు లేని మనిషి కాదు. 1982 నవంబర్ 15న పౌనార్‌లో కన్నుమూశాడు. మరుసటి ఏడు ప్రభుత్వం భారతరత్న ప్రకటించింది.

ఇంకో విమర్శ కూడా ఉంది. దొరలు ప్రేమతో ఇవ్వలేదు, కమ్యూనిస్టులకు భయపడి ఇచ్చారని కొందరంటారు. అంతా పోవడం కంటే కొంత ఇచ్చి మిగిలింది కాపాడుకోవడం మేలని లెక్క వేసుకున్నారని అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. రైతులు ప్రాణాలు పెట్టి పోరాడకపోతే ఆ సాయంత్రం పోచంపల్లిలో ఆ ప్రశ్న అడిగే సందర్భమే వచ్చేది కాదేమో. ఆ పోరాటంలో పోయిన ప్రాణాలను మరచిపోయి భూదాన్ గురించి రాయడం న్యాయం కాదు.

కానీ ఈ విమర్శను మేము చాలాకాలం ఆలోచించాం. భయం కూడా ఇస్తుంది, నిజమే. భయం ఇచ్చేటప్పుడు రాళ్ల గుట్ట ఇస్తుంది. పనికిరాని చెలక ఇస్తుంది. కాగితం మీద ఇచ్చి కంచె తీయదు. ముప్పు పోగానే తిరిగి అడుగుతుంది. ప్రేమ ఇచ్చేటప్పుడు చెరువు కింది తరి పొలంలో కూడా భాగం పెడుతుంది. ఎందుకంటే ఎదుటివాడు ఆ నేల మీద వచ్చే ఏడు, ఆ పై ఏడు బ్రతకాలన్న ఆలోచన దానికుంటుంది. భయపడేవాడు రేపటిని ఒక దొంగలా చూస్తాడు, ప్రేమించేవాడు ఎదురుచూస్తున్న చుట్టంలా చూస్తాడు. రామచంద్రారెడ్డి ఆ ఒక్క నూరెకరాలతో ఆగలేదు. తర్వాత మరింత భూమి ఇచ్చాడు, ఆ ఉద్యమంలో పని చేశాడు. భయం ఇప్పించిన దానం అయితే అది ఒక్కసారితో ఆగి ఉండేది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన సంఘాల్లో ఈ రోజు ఉన్న భయాలు మాకు తెలుసు. ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర అవే వింటుంటాం. కొడుకు అమెరికాలో ఉన్నాడు, వీసా ఏమవుతుందో. బిడ్డకు ముప్పై దాటాయి, సంబంధం కుదరలేదు. ఊళ్లో మనవాళ్లను ఎవరైనా ఏమైనా అంటారేమో. అన్నదమ్ములిద్దరు పది గుంటల భూమి కోసం మాటలు మానేసి, ఒకే మందిరంలో ఒకరు కుడి వైపు, ఒకరు ఎడమ వైపు కూర్చుంటున్నారు. వాళ్లిద్దరిదీ దురాశ అని మేము అనుకోవడం లేదు. నా పిల్లల గతేమిటన్న భయం ఇద్దరికీ ఉంది. ఆ భయంలో తమ్ముడి పిల్లలు అన్నకు కనపడటం లేదు.

వినోబా జీవితం నుంచి మేము నేర్చుకున్నవి రెండు సంగతులు చెప్పి ముగిస్తాం. మొదటిది, ఆయన ముందు వాడకు వెళ్లాడు. గదిలో కూర్చుని భయాల జాబితా రాసుకోలేదు. ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాడు. మా కమిటీ గంటన్నర మాట్లాడింది కానీ, ఆ గంటన్నరలో ఒక్కరం కూడా బట్టీ దగ్గరికి వెళ్లి ఒక్క పిల్లవాడి ముఖం చూసి రాలేదు. ముఖం చూడని చోట భయానిదే పైచేయి అవుతుంది.

రెండవది, ఆయన అడిగాడు. అడగడం చిన్నతనమని మనం అనుకుంటాం. కాదంటే పరువు పోతుందని భయపడతాం. కానీ ఎదుటివాడిలో ఇచ్చే మనసు ఉందని నమ్మడం కూడా అతన్ని ప్రేమించడమే. ఆ రోజు ఆ ప్రశ్న రాకపోతే రామచంద్రారెడ్డి గుండెలో ఉన్న తండ్రి కోరిక అక్కడే ఉండిపోయేది. మన పక్కన కూర్చునేవారిలో ఎందరి గుండెల్లో అలాంటి కోరికలు ఎవరూ అడగక ఉండిపోయాయో దేవునికే తెలుసు.

దసరా పండుగ తర్వాత బట్టీలకు మళ్లీ కుటుంబాలు వస్తాయి. అవే కుటుంబాలు కావచ్చు, కాకపోవచ్చు. వచ్చే నెల కమిటీ మీటింగ్‌లో సండే స్కూల్ గది విషయం ఈసారి యవ్వనస్తులు కాదు, మేమే ముందు పెడతాం. అంతకంటే ముందు కమిటీ సభ్యులను ఒక సాయంత్రం బట్టీ దాకా నడిపించాలని అనుకుంటున్నాం. పోలీసులకు, మండల విద్యాధికారికి ముందే తెలిపి, తలుపులు తెరిచి పెట్టి, అక్షరాలు మాత్రమే నేర్పుతామని చెబితే సగం భయాలు తీరతాయి. మిగిలిన సగం తీరకపోవచ్చు. వాటితోనే గది తాళం తీయాలి. వినోబాకు కూడా ఆ రాత్రి భయం పూర్తిగా పోయి ఉండదు. తెల్లవారాక ఆయన నడిచాడు, అంతే.

కమిటీ కాదంటే మేము బాధపడతాం, కానీ మళ్లీ అడుగుతాం. మీ సంఘంలో తాళం వేసి ఉన్న గది ఏదో, మాటలు మానేసిన అన్నదమ్ములు ఎవరో మీకే తెలుసు. ఈ వారం ఒక్క గుమ్మం ముందుకైనా నడిచి వెళ్లండి. మా కోసం, మా కమిటీ కోసం కూడా ప్రార్థించండి.